పచ్చి వంజరం ముక్క

1979. దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో ఓడరేవు కడుతున్న రోజులు. అక్కడ ఒక జపాన్ కంపెనీ ఇంజనీర్ల మెస్‌లో నేను అసిస్టెంట్ కుక్‌ని. కాకినాడ హోటల్లో వంట చేసి వచ్చినవాణ్ణి కాబట్టి చేపల పని నాకు అప్పగించారు. మా హెడ్ కుక్ మోరీ సాన్ పెద్దాయన, జపాన్ మనిషే. సాన్ అంటే మన ‘గారు’ లాంటిది.

ఇంజనీర్లకు ప్రాణం సాషిమి. పచ్చి చేపను పలచగా కోసి, సోయా సాస్‌లో అద్దుకుని తింటారు. చేప ముల్లు తీసి కండ వేరుచేయడాన్ని ఫిల్లెట్ చేయడం అంటారు. అది నా పని. మొప్పలు ఎర్రగా, కళ్ళు నిగనిగలాడుతూ ఉంటేనే కత్తి పెట్టాలి. కోసినవాడే మొదటి ముక్క తినాలని మోరీ సాన్ పట్టు. “యూ నో ఈట్, ఐ నో సర్వ్,” అనేవాడు.

మొదటిసారి కళ్ళు మూసుకుని మింగేశాను. కొన్నాళ్ళు పోయేసరికి ఆ ముక్క కోసమే ఎదురుచూడసాగాను. నీచు వాసన లేదు. చల్లగా, మెత్తగా, నమిలేకొద్దీ సన్నటి తీపి. చిన్నప్పటినుంచీ పులుసులో తింటున్న వంజరం అసలు రుచి ఇదా అనిపించింది.

క్యాంపులో మా గదికి పెద్ద కరీంనగర్ తాపీమేస్త్రీ మల్లయ్య. శుక్రవారం సెలవు, ఆ రోజు గదంతటికీ వంట నాదే. ఒకసారి మల్లయ్య మెస్ వంటగదిలో గచ్చు బాగుచేయడానికొచ్చి నన్ను చూశాడు. అప్పుడు నా నోట్లో ఉన్నది మొదటి ముక్క కాదు, మూడోది.

“అరే సత్తిబాబూ, పచ్చిది తింటున్నవ్ రా? ఛీ!”

“డ్యూటీ అన్నా. టెస్టింగు,” అన్నాను. చెవులు వేడెక్కిపోయాయి.

ఆ సాయంత్రానికి గదిలో అందరికీ తెలిసిపోయింది. నేను లోపలికి రాగానే ఒకడు పిల్లిలా అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను కానీ నవ్వు రాలేదు. శుక్రవారం పొయ్యి దగ్గరికి వెళ్తే మల్లయ్య, “ఇయ్యాల మేమే వండుకుంటం తియ్,” అన్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాళ్ళు తిన్నారు. నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను.

మర్నాడు మోరీ సాన్‌తో ఇక నేను రుచి చూడనని చెప్పాను. “రూమ్ పీపుల్ లాఫ్. మై కుకింగ్ నో ఈట్.”

“యూ లైక్?” అని అడిగాడు.

తలదించుకున్నాను. ఆయన కత్తి తుడిచి పక్కన పెట్టాడు. “ఫ్రైడే, ఐ కమ్. యూ కుక్. మాఫీ ముష్కిల్,” అన్నాడు. అక్కడి అరబ్బీలో, ఏం ఫరవాలేదు అని.

అన్నట్టే ఐస్‌లో పెట్టిన వంజరంతో మా గదికి వచ్చాడు. చింతపండు పులుసు పెట్టాను. ఆయన నేలమీద బాసింపట్టు వేసుకుని, మాలాగే చేత్తో కలుపుకున్నాడు. కారానికి ముక్కు కారుతోంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా మళ్ళీ కంచం చాపాడు. గదిలోవాళ్ళు తలలు వంచుకున్నారు. ముసలాయన అన్ని దూరాలు దాటొచ్చి మా కారం తింటుంటే, మావాళ్ళు నా చేతివంట ముట్టకుండా కూర్చున్నారు.

మల్లయ్యే ముందు తేరుకున్నాడు. “పాపం, డ్యూటీ అని తిన్నడు. మనమే ఊకె నవ్వినం,” అన్నాడు మిగతావాళ్ళతో.

అక్కడితో నా పరువు నిలిచేది. కానీ మోరీ సాన్ నా వైపే చూస్తున్నాడు. ఆయనకు తెలుగు రాదు. అయినా ఆయన ముందు ఆ మాటకు తలూపలేకపోయాను.

“డ్యూటీ కాదన్నా. నాకిష్టం,” అన్నాను. ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. నలుగురిలో బట్టలిప్పుకున్నట్టనిపించింది.

మల్లయ్య నా వైపు చూసి తన కంచం తీసుకున్నాడు.

“నీ నోరు, నీ ఇష్టం. పులుసు ఇటు జరుపు,” అన్నాడు.

ఆ తర్వాత పిల్లి కూతలు తగ్గాయిగానీ పూర్తిగా పోలేదు. నా సిగ్గూ అంతే. మోరీ సాన్ వెళ్ళిపోయాక కూడా చాలా ఏళ్ళు నేను గల్ఫ్ వంటగదుల్లోనే పనిచేశాను. నా దగ్గర చేరిన వంటవాళ్ళు కొత్త రుచి ఏదైనా నోట్లో పెట్టుకునేటప్పుడు నేను వాళ్ళ ముఖం చూసేవాణ్ణి కాను. ఇంకో పని ఉన్నట్టు అటు తిరిగేవాణ్ణి. నచ్చిందో లేదో వాళ్ళు చెప్పేదాకా అడిగేవాణ్ణీ కాను.