తాడుకు వేలాడిన చెవి మిషను

1986 వానాకాలంలో, బెంగాలులో భవానీపూర్ వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రి చెవి విభాగంలో నన్ను ఆడియోమెట్రీ టెక్నీషియన్‌గా వేశారు. చెవి ఎంత వింటుందో యంత్రంతో కొలిచి కాగితం మీద గీత గీయడం నా పని. కింద సంతకం డాక్టరుది. ఆ గీతకు అర్థమేమిటో తల్లికి చెప్పే పని మాత్రం ఏ గ్రేడు ఉద్యోగికీ అప్పగించలేదు. తెలుగువాణ్ణి కాబట్టి, ఏక్‌బాల్‌పూర్ రేవు బస్తీల నుంచి వచ్చే శ్రీకాకుళం వాళ్లకు ఆ పని నేనే చేసేవాణ్ణి. అప్పటికి నాకు పాతికేళ్లు. ఎవరైనా గంభీరంగా మాట్లాడితే నోరు దురద పెట్టే వయసు.

రూతమ్మ అలాగే వచ్చింది. భర్త రేవులో కళాసీ. కూతురు కుమారికి ఐదేళ్లు దాటాయి, పుట్టు చెవుడు. పరీక్షలో తేలిందేమిటంటే, వినికిడి పూర్తిగా పోలేదు, కొద్దిగా మిగిలింది. ఆ కొద్దినే పట్టుకుని మాట నేర్పవచ్చు. ఆ వయసు దాటితే నోరు తిరగడం కష్టం. గుండెల మీద పట్టీతో కట్టుకునే డబ్బా, దాన్నుంచి ఒక తీగ, చెవిలో అమరే అచ్చు. అప్పటి చెవి మిషను అంటే అదే. ఇప్పించాం. బధిరుల బడిలో సీటూ దొరికింది. పిల్ల రోజూ మిషను పెట్టుకోవాలన్నది బడివాళ్ల షరతు.

కొన్ని వారాలకు రూతమ్మ మళ్లీ వచ్చింది. పిల్ల గుండెల మీద డబ్బా లేదు.

“కుమారికి సెవులొచ్చీసినాయి బాబూ. ఇనపడతాందని ఓ కాయితం రాసిచ్చీండి. అయ్యగారు అడుగుతున్నారు” అంది.

అయ్యగారంటే వాళ్ల పాస్టరు. ఆ సంఘం గురించి కొంత చెప్పాలి. వాళ్ల తాతలు పాత మిషనరీల చర్చిలో వెనక బెంచీల మీద కూర్చుని, అర్థంకాని బెంగాలీ ప్రసంగాలు విన్నవాళ్లు. తర్వాత ఆంధ్ర తీరం నుంచి ఒక సువార్తికుడు వచ్చి రేవు దగ్గర డేరా వేసి తెలుగులో కూటాలు పెట్టాడు. వీళ్లు బెంచీలు వదిలి, అద్దె గోదాములో చాపల మీదికి మారారు. డోలక్కులు, చప్పట్లు, ఉపవాస ప్రార్థనలు, పరిశుద్ధాత్మ దిగినప్పుడు ఎవరికీ తెలియని భాషల్లో మాటలు. ఆడవాళ్లు తెల్లచీర కట్టి నగలు తీసేశారు. మగవాళ్లు సారా మానేశారు. ఈ చివరిది యూనియను వల్లా కాలేదు, సర్కారు వల్లా కాలేదు. అందుకు నేనిప్పటికీ వాళ్లకు దణ్ణం పెడతాను.

వాళ్లకో ఆచారం ఉంది. స్వస్థత పొందినవాళ్లు మైకులో సాక్ష్యం చెప్పి, జబ్బు తాలూకు వస్తువును వేదిక మీది తాడుకు కట్టేస్తారు. చంకకర్రలు, మందు సీసాలు, నడుం పట్టీలు వేలాడుతుంటాయి. కుమారిని వేదిక ఎక్కించి, వెనక పెద్ద డ్రమ్ము కొట్టారట. పిల్ల గిరుక్కున తిరిగింది. సభ లేచి స్తోత్రం అంది. మిషను తాడెక్కింది.

కుమారిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టాను. పిల్లలకు పరీక్ష ఆటలా ఉంటుంది. హెడ్‌ఫోనులో చప్పుడు వినిపిస్తే చేతిలోని పూసను గిన్నెలో వెయ్యాలి. చప్పుడు పెంచుకుంటూ పోయాను. మొదటిసారి గీత గీసిన చోటు వచ్చేదాకా పూస చేతిలోనే ఉంది. రూతమ్మ అద్దంలోంచి పూసనే చూస్తోంది.

బయటికొచ్చాక ఆమెను చెవులు గట్టిగా మూసుకుని మోచేతులు బల్లకు ఆనించమన్నాను. బల్ల మీద గుద్దాను. వేదిక చెక్కలూ అలాగే అదిరాయని, పిల్ల పాదాలు పసిగట్టాయని చెప్పాను.

ఆమె కుమారిని దగ్గరికి లాక్కుంది. “తెలిసింది బాబూ. గానీ మైకులో సెప్పీసినాను కదా. ఎనక్కి ఎలా తీసుకుంతాను?” అంది.

సాక్ష్యం వెనక్కి తీసుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు. ఆ భయం ఆమెకు నేర్పినవాడి మీద నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఆదివారం గోదాముకు వెళ్లాను. పాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని వాక్యం చదువుతున్నారు. ఆయన ముగించగానే లేచి, “అయ్యగారూ, తాడు మీద ఇంకా చోటుంది. మీ కళ్లజోడు కూడా తగిలించండి” అన్నాను. వెనక ఇద్దరు కుర్రాళ్లు నవ్వారు. ఆయన ఏమాత్రం తొణకకుండా, ఈ తమ్ముడి కోసం ప్రార్థిద్దామన్నారు. సభంతా నా వైపు చేతులు చాచి ఆ తెలియని భాషల్లో ప్రార్థన మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది.

బయట కుళాయి దగ్గర రాహేలమ్మ నన్ను పట్టుకుంది. సంఘంలో ఆడవాళ్ల ప్రార్థనలు నడిపే పెద్దావిడ.

“నోరుంది గానీ నీకు బుద్ధి లేదు నాయినా. రూతమ్మ సాచ్చికాన్ని పదిమందిలో కొట్టీసి, మళ్లీ ఆ డబ్బా కట్టమంతే ఏ మొకంతో కడతాది?”

మరేం చెయ్యమంటారని అడిగాను. కూటానికి రాలేని రోగులకు, నూనె రాసి ప్రార్థన చేసిన చేతిరుమాళ్లు పంపడం వాళ్లలో ఉంది. డబ్బాకూ అలాగే చేద్దామంది. నూనె పడితే మిషను చచ్చిపోతుందన్నాను.

“పట్టీకి రాస్తానులే. నీ డబ్బాకి నువ్వు కాపలా ఉండు” అంది.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆమె తాడు మీంచి మిషను దించి, పట్టీకి నూనె రాసి, మైకు తీసుకుంది. సెవులు దేవుడిచ్చినాడు, ఈ డబ్బా కూడా ఆయనే పంపినాడు, రెండూ వాడుకోవాలంది. ఆమెన్ అనడం తప్ప పాస్టరుకు దారి లేకపోయింది. రూతమ్మ ఏడుస్తూ మిషను కట్టింది. ఎవరి మాటా అబద్ధం కాలేదు.

కానీ అప్పటికి బడివాళ్లు సీటు ఇంకొకరికిచ్చేశారు. కుమారి మరుసటి ఏడాదిదాకా ఆగాల్సి వచ్చింది. ఆ వయసులో ఏడాదంటే ఎన్నో మాటలు. ఆ మాటలు ఆ పిల్లకు ఇప్పటికీ లేవు. తాడు మీద ఉన్నన్నాళ్లు మిషను మాత్రం ప్రసంగాలన్నీ వింది. తర్వాతి కూటాల్లో పాస్టరు కుమారిని స్వస్థతకు నిదర్శనంగా నిలబెట్టారని తెలిసింది. కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉందట.

ఆ తర్వాత ఏక్‌బాల్‌పూర్ తల్లి ఎవరొచ్చినా, మిషను చేతికిచ్చేముందు, మీ ప్రార్థనల్లో పెద్దావిడ ఎవరో అడిగి ఆమెనూ రప్పించేవాణ్ణి. ఎలా పెట్టాలో ఇద్దరికీ చూపించేవాణ్ణి. తల్లి ఎవరి మాట వింటుందో తెలుసుకోవడం కూడా వినికిడి పరీక్షలో భాగమేనని ఆ ఉదంతం నేర్పింది. పాస్టరు మీద కోపం మాత్రం తగ్గలేదు. తగ్గించుకోవడానికి కారణమూ కనిపించలేదు.