తెలుపు వదలడం తెలిసిన మనోలిస్

"మనోలిస్ తాత పోయిండు అంకుల్" అని స్రవంతి ఫోన్ చేసినప్పుడు నేను కారు అద్దం మీది మంచు గీకుతున్నాను. "పొద్దున చాయ్ తీస్కపోయిన. కుర్చీలనే ఉన్నడు. నిద్రపోతున్నడనుకున్న."  సగం గీకిన అద్దంతోనే కారు తీశాను.

మనోలిస్ గారు మధ్యధరా సముద్రంలోని క్రీట్ ద్వీపంలో పుట్టారు. కెనడాలో మా ఊరు విండ్సర్‌కు వచ్చి, ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు వెల్డింగ్ చేశారు. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, భోజన విరామాల్లో విడిభాగాల అట్టపెట్టెల వెనుక గీసి గీసి, తమ దేశపు పురాణగాథలకు నీటిరంగుల్లో రూపమిచ్చారు. పిల్లల కథల పుస్తకాలకు కొన్ని బొమ్మలు వేశారు. పేరు రాలేదు. రావాలని ఆయన పరుగెత్తనూ లేదు.

మన విద్యార్థులు వెల్లువలా వచ్చిపడిన ఆ ఏళ్లలో కాలేజీకి వెళ్లే బస్సు నిండా తెలుగే వినిపించేది. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరేడుగురు సర్దుకునేవారు. మనోలిస్ గారు మాత్రం తన మేడగదిలో ఇద్దరికే చోటిచ్చారు. "పడుకోడానికి చోటుంటే చాలదు, చదువుకోడానికి బల్ల వేయాలి. రెండు బల్లలే పడతాయి" అనేవారు. ఆ ఇద్దరిలో ఒకరు కరీంనగర్ నుంచి వచ్చిన స్రవంతి. "నీ పేరు మా భాషల మనోళ్లు అన్నట్టే ఉంది తాతా" అని ఆమె నవ్వితే, అర్థం అడిగి తెలుసుకుని, ఆనాటి నుంచి తెలుగు పిల్లలు ఎవరు కనబడినా గుండె మీద చేయి వేసుకుని "మనోళ్లు!" అని పలకరించేవారు.

ఆయన రంగుల పెట్టెలో తెల్లరంగు ఉండేది కాదు. ఒకసారి అడిగాను. "నీటిరంగుల్లో తెలుపు వేసేది కాదు, వదిలేది. కాగితమే తెలుపు. ఎక్కడ ఆగాలో తెలిస్తే అదే వెలుగవుతుంది" అన్నారు. నలభై ఏళ్లు పత్రికల్లో వార్తలు కుదించి బతికిన నాకు ఆ మాట విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

ఇక్కడి మా తెలుగు సంఘం త్రైమాసిక పత్రిక ఉగాది సంచికకు ముఖచిత్రం కావాలని నేనే వెళ్లి అడిగాను. ఆ చలికాలమంతా ఒకే బొమ్మ మీద కూర్చున్నారు. పాతాళానికి ఎత్తుకుపోబడిన కూతురు తిరిగి భూమి మీదికి వస్తుంది. తల్లి అయిన ధాన్యదేవత చేతులు చాచి నిలబడుతుంది. అప్పుడు వసంతం మొదలవుతుంది. అదీ కథ. కూతురి ముఖం స్రవంతిది. చుట్టూ పాతాళపు నీలి నలుపు, నడుమ పల్లెవాటు వేసినట్టున్న ఆమె వస్త్రం. ఆ వస్త్రం ఉత్త కాగితం, పైకి వచ్చిన పిల్ల మీద పడ్డ పగటి వెలుగు. ఒక్క చుక్క అటు జారినా బొమ్మ పోయినట్టే. "జాగ్రత్తగా తెచ్చి ఇస్తాను" అని మాట ఇచ్చి తీసుకున్నాను. స్కాన్ చేయించమని మా కార్యదర్శికి అప్పగించి ఇంటికి వచ్చేశాను.

తరువాత ఏం జరిగిందో సంచిక అచ్చయ్యాకే అక్కడున్నవారు చెప్పారు. "ఉగాది పూట తెల్లచీరేంటండీ, అదీ పెళ్లికాని పిల్లకి?" అని ఒకరు. "ముసలాయన రంగెయ్యడం మర్చిపోయుంటాడు" అని ఇంకొకరు. ముగ్గులు బాగా వేస్తారని పేరున్న ఒక ఆవిడ, మంచి మనసుతోనే, అసలు కాగితం మీదే పసుపు పూసి, ఎర్రంచు కూడా తీర్చారు.

ఉగాది నాడు వేదిక మీద ఆయనకు శాలువా కప్పి, ముఖచిత్రం ఆవిష్కరించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చాలాసేపు చూశారు. పక్కనున్న స్రవంతితో మెల్లగా, "పిల్ల పైకి వచ్చేసిందనుకున్నాను. ఇంకా రాలేదన్నమాట" అన్నారు. తరువాత అందరికీ నమస్కారం పెట్టి, శాలువా మడిచి చంకలో పెట్టుకుని దిగిపోయారు.

వారం తరువాత నన్ను అడిగారు: "మీ పేపర్లలో తప్పు పడితే ఏం చేస్తారు?"

"సవరణ వేస్తాం."

"నాకు అదొక్కటి చాలు."

వేస్తానన్నాను. కార్యదర్శి అడ్డుపడ్డారు. "పాపం ఆవిడ ఎంత ఫీలవుతుంది సార్! వచ్చే ఇష్యూలో చూద్దాం లెండి." వచ్చే సంచికా అయింది, ఆ పైదీ అయింది. సంపాదకుణ్ణి నేను. కలం నా చేతిలోనే ఉంది. ఊరివాళ్ల పేర్లలో అక్షరం తప్పితే మర్నాడే సరిచేసినవాణ్ణి, ఇంటికి పిలిచి కాఫీ పోసిన మనిషికి ఒక్క వాక్యం వేయలేకపోయాను. ఆయన మళ్లీ అడగలేదు. పలకరింపులో మార్పు లేదు. ఒక్క "మనోళ్లు" అన్న మాట మాత్రం ఆయన నోట మళ్లీ వినలేదు.

"ఇంకోటి వెయ్యరాదు తాతా, నేను మళ్ల నిలబడ్త" అని స్రవంతి బతిమాలింది. ఆయన వణుకుతున్న చేయి చూపించారు. "వేయడం ఇప్పటికీ కుదురుతుంది. వదలడమే కుదరదు."

నిన్న కార్యదర్శి ఫోన్ చేశారు. ఆదివారం సంతాప సభ. "ఆ ఉగాది బొమ్మే పెద్దది చేయించి వెనకాల పెడదాం సార్, ఆయన గుర్తుగా. మీరే మాట్లాడాలి." మాట్లాడతానని చెప్పాను. ఈ పేజీ మాత్రం కార్యదర్శికి చూపించకుండా అచ్చుకు పంపుతున్నాను.

అటువంటి చేయి మళ్లీ మన మధ్యకు రాదు. ఆ చేతికి నేను బాకీపడిన వాక్యం ఇది:

సవరణ: మా ఉగాది సంచిక ముఖచిత్రంలో అమ్మాయి వస్త్రానికి ఉన్న పసుపురంగు, ఎర్రంచు చిత్రకారుడు మనోలిస్ గారు వేసినవి కావు. అక్కడ ఆయన ఏమీ వేయలేదు. మరచిపోయి కాదు.