నీళ్ళు పోసిన బిడ్డలందరూ లెక్కలోకి రావాలి

నా పేరు గెడ్డం సువార్తమ్మ. వయసు డెబ్బై దాటింది. ఐ.పోలవరం మండలంలో కాలవ గట్టు పక్కన మా పేట. ఇంట్లో నేను, మా అమ్మాయి రత్నకుమారి, అల్లుడు, వాళ్ళ పిల్లలు ఉంటాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా పేట మేస్టారు రాస్తున్నారు.

మొన్న ఆదివారం ఆరాధన అయి చర్చి మెట్లు దిగుతుంటే, మా నర్సమ్మగారు అమలాపురంలో తన ఇంట్లోనే పోయారని కబురు వచ్చింది. ఆ మాట చెప్పగానే మేస్టారు "ప్రభువునందు నిద్రించారు" అని రాయబోయారు.

"పోయేరని రాయండి మేస్టారూ. నిద్రే అయితే నేను వెళ్ళి లేపనా?" అన్నాను.

ఆయన కొట్టేసి మళ్ళీ రాశారు. నర్సమ్మగారు జరిగింది జరిగినట్టే రాసుకున్న మనిషి. ఆవిడ గురించి మనం ఒక్క మాట మెత్తగా రాసినా ఊరుకోరు. వచ్చే ఆదివారం ఆవిడ జ్ఞాపకార్థ కూడికలో దీన్ని చదువుతారు. ఒక కాపీ అమలాపురంలో ఆరోగ్య శాఖ ఆఫీసుకి పంపమన్నాను. ఎందుకు పంపమన్నానో చివరికి మీకే తెలుస్తుంది.

ఆవిడ మా పేటకి వచ్చిన కొత్తలో పసిపిల్లలకి సూదులు వేయడానికి వచ్చేవారు. భుజాన మందుల పెట్టె, చేతిలో గొడుగు. గొడుగు గుమ్మం బయటే పెట్టేవారు. ఎవరింట్లోనూ టీ పుచ్చుకునేవారు కాదు. "ఇంటికో గ్లాసు తాగితే నేను కాలవైపోతానండీ పిన్నిగారూ" అనేవారు. మంచినీళ్ళు మాత్రం అడిగి తాగేవారు. మా పేటలో అడిగి నీళ్ళు తాగిన మొదటి ఉద్యోగస్థురాలు ఆవిడే. ఆ సంగతి మాకు ఎంతో పెద్దది. దానికి ఇంకా వివరం చెప్పమంటే చెప్పను.

ఇంకో అలవాటు, నిలబడి ఏదీ అడిగేవారు కాదు. చాప వేయకపోతే గచ్చు మీదే కూర్చునేవారు. "నిలబడి అడిగితే పంపించేయడానికి చెప్పే జవాబే వస్తుందండీ. కూర్చుని అడగాలి" అనేవారు. అలా కూర్చుని, ప్రతి ఇంట్లోనూ పిల్లలెంతమందని అడిగి రాసుకునేవారు.

తప్పు అక్కడే జరిగేది. తప్పు ఆవిడదీ కాదు, చెప్పినవాళ్ళదీ కాదు. పేరు పెట్టే ప్రార్థన కాకముందే పోయిన బిడ్డని లెక్కలో చెప్పకూడదని మా పెద్దల కట్టడి. చెబితే తల్లి కడుపు మళ్ళీ రగులుతుందని, తర్వాతి కాన్పుకి మంచిది కాదని. అందుకని తల్లులు ఉన్నవాళ్ళనే చెప్పేవారు. పైగా మా ఆడపిల్లలు పురిటికి పుట్టింటికి వస్తారు. బిడ్డ ఇక్కడ పోతే, అది అత్తవారి ఊరి లెక్కని ఇక్కడివాళ్ళు అనుకుంటారు, పుట్టింటి ఊరి లెక్కని అక్కడివాళ్ళు అనుకుంటారు. గోదావరికి అటూ ఇటూ కాకుండా పోయేది ఆ బిడ్డ. కాగితాల్లో చూస్తే మా పేటలో పసిబిడ్డలే పోనట్టు ఉండేది. పైవాళ్ళు అది చూసి, ఇక్కడ అంతా బాగుందని అనుకునేవారు.

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఒకరోజు నర్సమ్మగారు పొద్దున్నే వచ్చి, వేరే దేశాలవాళ్ళు మన పేటకి వస్తున్నారన్నారు.

"మా పేటలో ఏముందండీ చూడ్డానికి? రొయ్యల చెరువులా?"

"మిమ్మల్నే చూస్తారండీ. పుట్టినవాళ్ళ లెక్కా పోయినవాళ్ళ లెక్కా ఏ దేశంలో ఎక్కడ తప్పుతుందో ఒకళ్ళది ఒకళ్ళు చూసుకుంటున్నారు. మనవాళ్ళు వాళ్ళ దేశం వెళ్ళి చూసొచ్చేరు. ఇప్పుడు వాళ్ళు మన దగ్గరికి వస్తున్నారు."

"మనవాళ్ళ తప్పులు బయటి దేశాలవాళ్ళకి చూపిస్తారా?"

"ఆయ్. దాచుకుంటే మందు ఎక్కడి నుంచి వస్తుందండీ?"

ఢిల్లీ నుంచి ఆఫీసర్లు వచ్చారు. వాళ్ళతో ఆఫ్రికాలో ఏదో దేశం నుంచి ఒకావిడ వచ్చింది. ఆవిడా నర్సమ్మే. వాళ్ళ ఊళ్ళల్లో మందుల పెట్టె మోసుకుని తిరిగిన మనిషేనట. ఆవిడ మాట మనకి చెప్పడానికి ఒక ఆఫీసరు పక్కన నిలబడ్డాడు. ఆ సమయానికి నేను పక్కింటి బాలింత బిడ్డకి నీళ్ళు పోస్తున్నాను. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసుకుని ఉన్నాను. పైవాళ్ళు వచ్చారని పని ఆపలేదు. గంగాళంలో నీళ్ళు చల్లారిపోతాయి కదా.

ఆవిడ నన్ను చూసి పెద్దగా నవ్వింది. చెప్పులు విడిచి, నా ఎదురుగా తడి నేల మీదే కూర్చుని, అచ్చం నాలాగే కాళ్ళు చాపింది. వాళ్ళ దేశంలోనూ ముసలమ్మలు ఇలాగే పోస్తారట. ఆ ఆఫీసరు చెప్పకముందే నాకు అర్థమైంది.

తర్వాత ఆవిడ నా కాళ్ళు చూపించి ఏదో అడిగింది. "ఈ కాళ్ళ మీద మీ ఇంట్లో ఎంతమందికి నీళ్ళు పోశారని అడుగుతున్నారు" అన్నాడు ఆఫీసరు.

పిల్లలెంతమందని అడిగితే నా నోట వేరే జవాబు వచ్చేది. నీళ్ళు పోసిన లెక్క అడిగింది. నీళ్ళు పోసిన చేతులు అబద్ధం చెప్పవు. నా పిల్లల పేర్లు చెప్పాను. రత్నకుమారి పిల్లలిద్దరినీ చెప్పాను. చెప్పి ఆగలేకపోయాను. "వాళ్ళకి ముందు ఒక ఆడపిల్ల. పేరు పెట్టలేదు. వారం పోశాను" అన్నాను.

గుమ్మంలో నిలబడ్డ రత్నకుమారి లోపలికి వెళ్ళిపోయింది. ఆ బిడ్డ పోయినప్పటి నుంచి మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నర్సమ్మగారు లేచి దాని వెనకే వెళ్ళారు. లోపల ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. కాసేపటికి నర్సమ్మగారు మాత్రం బయటికి వచ్చి "రాసుకోమంది" అన్నారు. ఆ దేశం నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ ఊళ్ళల్లోనూ పేరు పెట్టని బిడ్డని చెప్పరట.

ఆ సాయంత్రం నర్సమ్మలిద్దరూ నా అరుగు మీద కూర్చుని ప్రశ్న మార్చారు. ఒకరి మాట ఒకరికి రాదు, అయినా వాదించుకున్నారు. మధ్యలో ఆఫీసరు అలిసిపోయి కొబ్బరి బొండం తాగి కూర్చున్నాడు. ఆఖరికి తేలిందేమిటంటే, ముందు పిల్లలెంతమందని అడగకూడదు. ఎంతమందికి నీళ్ళు పోశారని ఇంట్లో పెద్దావిడని అడగాలి. తర్వాత తల్లిని విడిగా, మెల్లిగా అడగాలి. బిడ్డ ఎక్కడ పుట్టిందో ఆ ఊళ్ళోనూ అత్తవారి ఊళ్ళోనూ చెప్పి, రెండుసార్లు పడకుండా ఒక్కచోటే రాయాలి.

ఆ ప్రశ్న మా పేట దాటింది. రాజోలు వైపు అడిగారు, కొత్తపేట వైపు అడిగారు. ఆవిడ దేశంలోనూ ఆవిడ అడిగించిందని కబురు వచ్చింది. మా వైపు ఎందరు పసివాళ్ళు పోతున్నారో పైవాళ్ళకి కనపడ్డాక పెద్దాసుపత్రికి పసిబిడ్డల్ని వెచ్చగా ఉంచే మంచాలు వచ్చాయి. పురిటికి వచ్చిన పిల్లల్ని ఇంటికొచ్చి చూసిపోవడం మొదలైంది. ఇదంతా నా వల్ల జరిగిందని నేను అనను. నర్సమ్మలిద్దరి వల్ల జరిగింది. కాళ్ళు మాత్రం నావి.

ఇక నా వాదన వినండి.

నెల కిందట నర్సమ్మగార్ని చూడ్డానికి అమలాపురం వెళ్ళాను. మంచం మీద చిక్కిపోయి ఉన్నారు. నేను నిలబడితే "కూర్చోండి పిన్నిగారూ" అన్నారు. కూర్చున్నాక ఒక్కటే అడిగారు. "మన ప్రశ్న అడుగుతున్నారాండీ?"

"ఆయ్, అడుగుతున్నారండీ" అన్నాను.

అప్పటికే అడగడం లేదు. కొత్తగా వచ్చిన నర్సమ్మ మంచి పిల్ల, గుమ్మంలో నిలబడి ఫోను చూసుకుంటూ "పిల్లలెంతమందండీ అమ్మమ్మగారూ?" అని అడిగి వెళ్ళిపోతోంది. మన ప్రశ్న ఏదని నిలదీశాను.

"ఫోనులో ఆ ప్రశ్నకి జవాబు నింపే గడి తీసేసేరండీ. టైము పడుతుందని."

"బిడ్డ పోవడానికి పట్టినంత టైము పడుతుందా?"

ఆ పిల్లని అని లాభం లేదు. గడి తీసినవాళ్ళు వేరే ఉన్నారు.

నేను నర్సమ్మగారితో అబద్ధం ఆడానని మేస్టారు అనుకుంటున్నారు. ఆయన మొహం చూస్తే తెలుస్తోంది. అబద్ధం కాదు మేస్టారూ, కాస్త ముందుగా చెప్పిన నిజం. దాన్ని నిజం చేసే పని ఇప్పుడు నా మీద ఉంది.

ఆఫీసువారూ, ఆ గడి మళ్ళీ పెట్టించండి. ఎన్ని దేశాలవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నా, ఎంత పెద్ద మిషన్లు తెచ్చినా, లెక్క మొదలయ్యేది మా గుమ్మం ముందే. ఇక్కడ తప్పితే పైన ఎవరూ దిద్దలేరు. మీరు పెట్టించేదాకా మా పేటలో ఆడవాళ్ళం ఏ ప్రశ్నకీ జవాబు చెప్పం. అందరితోనూ మాట్లాడేశాను.

నిన్న మధ్యాహ్నం కొత్త నర్సమ్మ మళ్ళీ వచ్చింది. గొడుగు గుమ్మం బయట పెట్టింది. అడగకుండానే నా ఎదురుగా గచ్చు మీద కూర్చుంది. ఫోను పక్కన బోర్లా పెట్టి, "గడి లేకపోయినా నేను అడుగుతానండీ. మీ ఇంట్లో ఎంతమందికి నీళ్ళు పోశారు అమ్మమ్మగారూ?" అంది.

నేను కాళ్ళు చాపాను. అప్పుడే ఒక బిడ్డకి పోసి ఉన్నానేమో, ఇంకా తడి ఆరలేదు.

ఇదీ నేను చెప్పినది. చదివించుకుని విన్నాను, సరిగ్గానే ఉంది.

గెడ్డం సువార్తమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
రాసినవారు, పేట బడి మేస్టారు, దానియేలు.
రత్నకుమారి, సువార్తమ్మ గారి కుమార్తె, ముగ్గురు బిడ్డల తల్లి.