అరికాలి అక్షరాలు

మొన్న కాశీబుగ్గలో మందులు కొనడానికి వెళ్లి, మందుల దుకాణం పక్కన కొత్తగా వెలిసిన బొమ్మల కొట్టు ముందు గంటసేపు నిలబడిపోయాను. గంట అనడం నా అలవాటు, పది నిమిషాలుంటుంది. లోపల గడ్డాలు పెంచిన ఇద్దరు కుర్రాళ్లు, ఒకడి మెడలో బ్యాంకు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది, ఒక వీరుడి బొమ్మ పెట్టెను చెరోవైపు పట్టుకుని పోట్లాడుకుంటున్నారు. "ఈపు మీద అంగీ గుడ్డతో కుట్టాలిరా. ప్లాస్టిక్కుదైతే గాల్లో ఎగిరినట్టు ఎలా కనిపిత్తాది?" అని ఒకడు. "గుడ్డయితే దుమ్ము పడతాదిరా ఎర్రోడా. రెండేళ్లకి మసిగుడ్డయిపోద్ది" అని కార్డువాడు. నాకు నోరు ఊరుకోలేదు. లోపలికి వెళ్లి, "ముందు అరికాలు సూడండి బాబూ, అంగీ సంగతి తరవాత" అన్నాను. ఇద్దరూ బిత్తరపోయారు. "తాతా, నీకెలా తెలుసు?" అన్నాడు కార్డువాడు. మా ఇంట్లో ఇలాంటివి వెయ్యి ఉండేవని చెప్పి, చేతికర్ర తాటించుకుంటూ బయటికొచ్చాను. మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఉన్నవి మా బావ ఇంట్లో. అవీ వెయ్యి కాదు, అద్దాల బీరువాలో మూడు అరలు.

మా బావ అంటే మా అక్క పెనిమిటి. మా వైపు బావకు బావమరిది కూడా బావే కనుక ఆయన నన్నూ బావా అనే పిలిచేవాడు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్వైజరు. కాల్చిన పిక్కల పొగ ఆయన బట్టల్లోకి ఎంతగా దిగిపోయిందంటే, ఆదివారం గుడికి వేసుకొచ్చే తెల్లచొక్కా పక్కన కూర్చున్నా నాకు ఆకలేసేది. ఆడవాళ్లు ఏరిన పప్పును గుండు, బద్ద, ముక్క అని వేరు చేయించడం ఆయన ఉద్యోగం. చూసి చూసి ఆ కన్ను ఇంటికొచ్చినా ఊరుకునేది కాదు. మంచి బొమ్మ కనిపిస్తే "ఇది గుండు బావా" అనేవాడు, నకిలీది బద్ద. మనుషుల్నీ అలాగే ఏరేవాడు. నన్ను ఏ గంపలో వేశాడో ఎన్నిసార్లు అడిగినా నవ్వేవాడే కానీ చెప్పలేదు.

తొంభైల చివర కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో పట్టింది ఆయనకీ పిచ్చి. పరదేశపు బొమ్మల కథల్లో ముసుగులేసుకుని తిరిగే వీరులుంటారే, వాళ్లు. అసలు పేర్లు పలకడానికి మా నోళ్లు తిరగవు గనక మేమే పేర్లు పెట్టుకున్నాం: రెక్కలోడు, ఇనపచొక్కావోడు, పచ్చముసుగోడు. ఫ్యాక్టరీ సరుకుతో కలకత్తా వెళ్లే ఏజెంటు ఒకాయన ఖిదిర్‌పూర్ బజారులో వెతికి తెచ్చి ఇచ్చేవాడు. బావకూ అక్కకూ పిల్లల్లేరు కాబట్టి ఆ వెలితి ఇలా తీర్చుకుంటున్నాడని ఊరు తేల్చేసింది. నేనొకసారి నేరుగానే అడిగాను. "ఈళ్లు ఎవుడికి కట్టమొచ్చినా వత్తారు బావా. రాకపోతే కతే అవదు" అన్నాడు. అంతకంటే కారణం ఆయన చెప్పలేదు, నేనూ తవ్వలేదు.

ఈ పిచ్చిలో ఆయనకొక జోడీ దొరికింది. టెక్కలిలో ఒక బడిలో తెలుగు చెప్పే మాస్టారు, పురోహితుల ఇంటివాడు, నుదుట విభూతి చెరగని మనిషి. ఆదివారం మధ్యాహ్నం, మా గుడిలో ప్రార్థన అయ్యే వేళకు, బస్సు దిగి చంకలో సంచీతో వచ్చేవారు. ఇద్దరూ కలిస్తే ఇక సభే. మాస్టారు పెట్టె సీలు తీయనిచ్చేవారు కాదు. "సూపర్వైజరు గారూ, సీలు తీసిన బొమ్మ ఎంగిలి విస్తరితో సమానమండీ" అనేవారు. "పెట్టిలో ఎట్టి సూసుకోడానికి ఆడేటి శవమా మాస్టారూ? మోకాళ్లు వంచి సూత్తేగాని ఎగిరేటోడో కూలబడేటోడో తెల్దు" అనేవాడు మా బావ. రెండువేలు దాటాక ముక్కలు కూర్చి కట్టుకునే పెట్టెలు వచ్చాయి: చదరపు తలకాయ, గోరంత చేతులు ఉన్న వీరుడు, వాడికో మేడ, మేడ మీద నిలపడానికో విమానం. మాస్టారికి అవంటే మంట. "వీడు వీరుడేమిటండీ, ఇటుకల బట్టీలో కూలివాడిలా ఉంటేను!" మా బావ ఆ మేడను ప్రతి వారమూ ఊడదీసి మళ్లీ కట్టేవాడు. ముక్కను ముక్కలో నొక్కి చెవి దగ్గర పెట్టుకునేవాడు. "టిక్కుమనాల. మెత్తగా దిగిపోతే బద్ద సరుకే." అక్క టీ గ్లాసులు పెడుతూ, "దేవుడా, ముగ్గురు మగోళ్లు, ముగ్గురికీ తలలు నెరిసినాయి. ఒకడు బొమ్మకి మోకాళ్లు వంచుతానంతాడు, ఒకడు వద్దంతాడు. తాగండి, సల్లారిపోతంది" అనేది. మూడోవాణ్ని నేనే. ఆ సభకు నేనే న్యాయమూర్తిని, నా మాటే ఆఖరిది. కాకపోతే ఆ రోజు పకోడీ పొట్లం ఎవరు తెస్తే వాళ్ల వైపే న్యాయం ఉండేది.

వాళ్లిద్దరికీ పేచీ లేని సంగతి ఒక్కటే, అరికాలు. ఆ కథల హక్కు కొనుక్కున్న కంపెనీ చేసిన బొమ్మకు పాదాల కింద చీమ తలకాయంత అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. సందుల్లో దొంగచాటుగా అచ్చుపోసిన నకిలీకి అరికాలు నున్నగా ఉంటుంది. అందుకని కొత్త బొమ్మ చేతికి రాగానే ముఖమైనా చూడకుండా తలకిందులు చేసి పాదాలు కంటి దగ్గర పెట్టుకునేవారు. మాస్టారికి హ్రస్వదృష్టి, ఆయన పెట్టుకుంటే పాదాలు రెప్పలకు తగిలేవి.

ఇప్పుడు మా గుడి సంగతి చెప్పాలి. మాది బాప్టిస్టు సంఘం. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె ముక్కలు, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం ట్రేలో పెట్టి వరస వరసకూ అందించాలి. ఆ ట్రే పట్టేది మా బావ. ఏళ్ల తరబడి ఒక్క చుక్క ఒలికించి ఎరగడు. ఫ్యాక్టరీలో యజమాని ఎన్నిసార్లు మెచ్చుకున్నా ఇంట్లో చెప్పేవాడు కాదు గానీ, శనివారం సాయంత్రం ఆ గ్లాసులు కడిగి, వేడినీళ్లు పోసి, తెల్లగుడ్డ మీద బోర్లించేటప్పుడు మాత్రం ఆయన ముఖం చూడాలి. ఆ మనిషికి లోకంలో ఉన్న పదవి అదొక్కటే, కావాలనుకున్నదీ అదొక్కటే.

ఒక దసరాకు మాస్టారి ఇంట్లో బొమ్మల కొలువు పెట్టారు. ఆ ఇల్లాలు అడిగింది గనక మా బావ రెక్కలోడు, ఇనపచొక్కావోడు, పచ్చముసుగోడు ముగ్గుర్నీ అట్టపెట్టెలో దూది పరిచి పంపించాడు. మేమిద్దరం చూడ్డానికి వెళ్లాం. మెట్ల మీద కూరలమ్మే ముసలమ్మకూ పల్లకీ మోసే బోయీలకూ మధ్య రెక్కలోడు చేతులు చాచి నిలబడి ఉన్నాడు. ఊరు ఊరంతా వాణ్ని చూడ్డానికే వచ్చిందని నేను చెబుతుంటాను. వచ్చింది ఆ వీధి పేరంటాళ్లే. కొలువు ఎత్తేసే రోజున ఆ ఇల్లాలు బొమ్మలన్నిటికీ కుంకుమ పెట్టి, వీళ్లకూ పెట్టి పంపింది. మా బావ నోరు తెరిచేలోగా, "ఇంటికొచ్చిన చుట్టాన్ని బొట్టు పెట్టకుండా ఎలా పంపుతామండీ?" అంది. తడి కుంకుమ ప్లాస్టిక్కులోకి ఇంకిపోయింది. సబ్బుకు పోలేదు. కిరసనాయిలు పెడితే పోతుంది గాని దాంతోపాటు ముఖం మీది అచ్చూ పోతుందని ఇద్దరు పండితులూ ఏకాభిప్రాయానికొచ్చారు. మా బావ వాళ్లను అలాగే తెచ్చి, సున్నా వాట్ల ఎర్రబల్బు కింద, నడిమి అరలో నిలబెట్టాడు.

ఆ నెలలోనే ఒక సాయంత్రం పాస్టరుగారిని వెంటపెట్టుకుని, సంఘం వ్యవహారాలు చూసే పెద్ద డీకనుగారు కుటుంబ ప్రార్థనకని చెప్పకుండా వచ్చారు. అప్పుడే ఏజెంటు కొత్త బొమ్మ తెచ్చి ఇచ్చి వెళ్లాడు. మాస్టారు బీరువా ముందు వంగి, కళ్లజోడు ఇంట్లో మరిచొచ్చిన పాపానికి, దాని పాదాలు కళ్లకు ఆనించుకుని ఉన్నారు. వెనక ఎర్రబల్బు, బల్బు కింద బొట్లు పెట్టుకున్న ముగ్గురు. డీకనుగారు గడపలోనే ఆగిపోయారు.

"ఏటిది తమ్ముడా?"

"బొమ్మలండి అన్నగారూ."

"బొమ్మలకి బొట్టేటి? ఆ పంతులుగారు కాళ్లు కళ్లకద్దుకుంతన్నారేటి?"

మా బావ నవ్వేశాడు. "అచ్చరాలు సదువుతన్నారండి" అన్నాడు.

అంతకంటే నిజమైన మాట ఆ గదిలో ఆ రోజు ఎవరూ అనలేదు. ఎవరు నమ్ముతారు చెప్పండి, పెద్దమనిషి అరికాలిలో అక్షరాలు చదువుతాడంటే? ప్రార్థన జరిగింది, బీరువా వైపు వీపులు పెట్టి.

సంఘపెద్దల కూటం కూర్చుంది. ఆ కూటంలో నేను సింహంలా లేచి వాదించానని మనవలకు చెప్పాను. నాకసలు అందులో చోటు లేదు, కిటికీ బయట నిలబడి విన్నాను. పాపం, మాస్టారు టెక్కలి నుంచి సెలవు పెట్టుకుని మరీ వచ్చారు సాక్ష్యం చెప్పడానికి. "బొట్టు పెట్టింది మా ఇంట్లోనండీ, కొలువులో. సూపర్వైజరు గారికి ఏ పాపమూ తెలియదు" అన్నారు. దాంతో ఉన్న కాస్త ఆశా పోయింది. కొలువులో కూర్చుని, పూజ అందుకుని, మళ్లీ విశ్వాసి ఇంటికి చేరిన విగ్రహాలు అయిపోయాయవి. పది ఆజ్ఞల్లో రెండోదాన్ని డీకనుగారు కళ్లు మూసుకుని అప్పజెప్పారు. తీర్పు ఏమిటంటే, బొమ్మల్ని సంఘం ఎదుట పగలగొట్టి క్షమాపణ అడగాలి. లేదంటే బల్లకు దూరం. మా బావ లేచాడు. "తప్పు సేత్తే ఒప్పుకుంతానండి. బొమ్మని బొమ్మ కాదని ఒప్పుకోమంటే ఎలాగండి? పగలగొట్టినానంటే దేవుడే అనుకున్నట్టు గదా" అన్నాడు. మెల్లగానే అన్నాడు. మెల్లగా అన్న మాట ఎవరికీ వినపడదు, వినపడినా అహంకారంలా వినపడుతుంది.

ఇంటికొచ్చి బల్బు తీసేశాడు. బీరువా మీద అక్క పాత దుప్పటి కప్పింది. మాస్టారు సిగ్గుతో రావడం మానేశారు. తనవల్లే జరిగిందని ఆయన బాధ. రెండోసారి పిలవడానికి మా బావకు నోరు రాలేదు. ఆదివారం మధ్యాహ్నాలు అక్క రెండు గ్లాసుల టీయే పెట్టేది.

గుడికి మాత్రం మానలేదు. ఆఖరి బెంచీలో కూర్చునేవాడు. మొదటి ఆదివారం డీకనుగారి అల్లుడు ట్రే పట్టుకొచ్చేవాడు, రసం ఒలకబోసుకుంటూ. ఆ బెంచీ దగ్గరికి రాగానే ట్రే మా బావను దాటుకుని నా ముందు ఆగేది. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఒలికిన చుక్కల వైపు చూసేవాడు. ఆయనకు తోడుగా నేనూ రొట్టె ముట్టలేదని కొన్నిచోట్ల గొప్పగా చెప్పాను. ముట్టాను. నమిలే చప్పుడు రాకుండా మింగేవాణ్ని.

ఆ దశాబ్దం చివర్లో ఒక క్రిస్మస్‌కు సండేస్కూలు పిల్లలకు బహుమతులు పంచారు. పెద్ద డీకనుగారే స్టేజీ మీద నిలబడి, తలలు నిమిరి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క బొమ్మ. రెక్కలోడు, ఇనపచొక్కావోడు, పచ్చముసుగోడు. వాక్యాలు తప్పుల్లేకుండా అప్పజెప్పిన పిల్లకు పెద్ద రెక్కలోడు దక్కాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండి బావ ముఖంలోకి చూశాను. ఆయన కళ్లు చికిలించి స్టేజీ వైపు చూస్తున్నాడు. "రంగు సూడు బావా. పిల్లలు నోట్లో ఎట్టుకుంటే ఊడిపోద్ది" అన్నాడు. అంతే.

తరవాత మా ఉద్దానం ప్రాంతంలో ఎందరికో వచ్చిన కిడ్నీ జబ్బే ఆయనకూ వచ్చింది. ఫ్యాక్టరీ మానేసి మంచం పట్టాడు. గుడికి అప్పటికి కొత్త పాస్టరు వచ్చాడు, కుర్రాడు, మంచివాడు. "అంకుల్, రొట్టె ఇంటికే తెస్తాను, తీసుకోండి" అన్నాడు. మా బావ, "నన్ను తీసినోళ్లు తప్పని ఒక్క మాట అంటే తీసుకుంతానండి. సంఘంలో వద్దు, ఈ మంచం కాడ అంటే సాలు" అన్నాడు. ఆ కుర్రాడు వెళ్లి అడిగాడు. కూటంలో కూర్చున్న వాళ్లలో ఇద్దరు పోయారు, ఒకరు భువనేశ్వర్‌లో కొడుకు దగ్గర ఉన్నారు. మిగిలింది పెద్ద డీకనుగారు. పిలవగానే వచ్చారు.

ఆయన్ని ఆ రోజు గడప దాటనివ్వకుండా బయటికి నెట్టేశానని చెప్పుకోవాలని నాకు ఎంతో ఉంది. కుర్చీ వేశాను. టీ కూడా తెచ్చాను. ఆయన మంచం పక్కన కూర్చుని, మా బావ ఉబ్బిన చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, కళ్లనీళ్లతో అడిగారు: "ట్రే ఎంత బాగా పట్టేవోడివి తమ్ముడా! ఎందుకు మానేసినావు?"

మతిమరుపు జబ్బేమీ లేదాయనకు. కొడుకుల కొబ్బరితోటల సర్వే నంబర్లన్నీ నోటికి వచ్చు. నటన కూడా కాదు, నేను ముఖంలోకే చూస్తున్నాను. నిజంగానే గుర్తు లేదు.

పాస్టరు కుర్రాడు తెల్లగుడ్డలో రొట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్క తలుపు చాటున ఉంది. "కాళ్లు నొప్పులండి అన్నగారూ. నిలబడలేకపోయినాను" అన్నాడు మా బావ, గోడ వైపు తిరిగి. రొట్టె వచ్చిన గుడ్డలోనే వెనక్కి వెళ్లింది. ఆ వారమే ఆయన పోయాడు.

కాలం అందరి ఇళ్లలోనూ ఒకే నడక నడుస్తుందనుకునేవాణ్ని. తీర్పు చెప్పినవాళ్ల వీధిలో అది ఆగకుండా పరుగెత్తుకుని పోతుంది. తీర్పు విన్నవాడి ఇంట్లో మాత్రం మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటుంది, ఎంతకీ లేవదు.