రెండో సంతకీ రాని మనిషి

స్పానిష్ మాట్లాడే జనం కోసం ఎక్కడో రాసిన పుస్తకం పట్టుకుని నేను అరకు అవతలి కొండల్లో ముంచింగిపుట్టు ఎందుకు వెళ్లానంటే, దాన్ని తెలుగు చేసిన పాపం నాదే. పరాయి దేశాల్లో పనికెళ్లి ఒంటరివాళ్లై, చచ్చిపోదామనుకునే మనుషుల్ని మళ్లీ నలుగురిలోకి తేవడం ఎలాగో చెప్పే పుస్తకం. మంచిదే. ముప్పై ఏళ్లు కాలేజీలో వ్యాకరణం చెప్పినవాణ్ణి కనక నేను దాన్ని ఎవరికీ అర్థం కాకుండా తెలుగు చేశాను. కొండల మీద గిరిజనులకి ఇచ్చే శిక్షణకి ఇదెలా పనికొస్తుందని అడిగితే, "అక్కడా వేరే భాషే, ఇక్కడా వేరే భాషే, తేడా ఏముంది సార్?" అన్నాడు మా సంస్థ కోఆర్డినేటర్ ప్రవీణ్.

పొద్దున్న ఆరూ ముప్పావుకి విశాఖలో కిరండూల్ పాసింజర్ ఎక్కాం. అద్దాల పెట్టెలో టికెట్లు దొరక్క జనరల్లో కూర్చున్నాం. ప్రతి సొరంగంలోనూ పెట్టె పెట్టంతా కేకలు పెట్టింది. ప్రవీణ్ మాత్రం ఇంకా రాని మనుషుల కోసం హాజరు కాగితాలకి గీతలు గీసుకుంటున్నాడు. టైడాలో రూతమ్మ అనే మిషన్ స్కూలు టీచరు ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. మా పని విని, మీటింగు ఏ రోజని అడిగింది. రేపే అన్నాను.

"రేపు అక్కడ వారపు సంత కదండీ. అందరూ కలిసే రోజున, కలవడం నేర్పుతామని పిలిచారా?" అని నవ్వింది. ప్రవీణ్ ఇంకో గీత గీశాడు.

పదకొండింటికి అరకులో దిగాం. స్టేషను ఎదుట హోటల్లో భోంచేసి, రాత్రికి లాడ్జిలో పడుకున్నాం. ఈ దారిన వెళ్లేవాళ్లు దుప్పటి తెచ్చుకోండి; లాడ్జివాళ్లది పేరుకే దుప్పటి. మర్నాడు ఏడింటికి జీపెక్కితే ముంచింగిపుట్టు చేరేసరికి పది దాటింది.

హాల్లో నలభై కుర్చీలు, గోడకి 'రండి, కలుద్దాం' అని బ్యానరు. ఒక్క మనిషి లేడు. గోడకి అవతల మండలమంతా కలుసుకుంటోంది. పసుపు, రాగులు, ఎండుచేపలు, వియ్యంకుల వాదులాటలు, అన్నీ అక్కడే. కిటికీలోంచి ఆ వేలమందినీ చూస్తూ ప్రవీణ్, "వీళ్లకి నలుగురితో కలవడం మీద ఆసక్తి లేదు సార్" అన్నాడు.

జనాన్ని పట్టుకురమ్మని నన్ను తరిమాడు. పసుపు అమ్ముతున్న లచ్చమ్మ అనే పెద్దావిడ దగ్గర గొంతుక్కూర్చుని పుస్తకంలోని ఫారం తీశాను. గత వారం ఎంతమందికి ఫోన్ చేశారు? ఆమెకి ఫోనే లేదు. సున్నా. ఎంతమందిని భోజనానికి పిలిచారు? ఆకలేసినోడు పిలిస్తేనే వస్తాడా అని నవ్వింది. అదీ సున్నా. ఈలోగా ఏడుగురు ఆమెని పలకరించారు, ఇద్దరు ఆమె చుట్ట లాక్కుని చెరో దమ్ము పీల్చారు. పుస్తకం లెక్క ప్రకారం లచ్చమ్మది తీవ్రమైన ఒంటరితనం.

కాళ్లు పీకి పక్కన ఖాళీగా ఉన్న గోనె మీదికి జరగబోతే నా చెయ్యి పట్టి ఆపింది. గోనె మీద చిన్న రాయి ఉంది. అది సోములు జాగా అని చెప్పింది. వానల్లో అతని పెళ్లాం పోయింది. అప్పట్నుంచి ముభావంగా ఉన్నా సంత మానలేదు. పోయిన సంతకి రాలేదు, కబురు పెడితే ఒంట్లో బాగోలేదన్నాడు. ఇవాళా రాలేదు. ఒక సంత రాకపోతే కబురు పెడతారట, రెండో సంతకీ రాకపోతే పక్క జాగావాళ్లే ఇంటికి వెళతారట. మధ్యాహ్నం బేరం వదిలేసి ఆమె గోనె చుట్టేసింది. సోములు ఊరు రెండు కొండల అవతల. ఆ దారికి బస్సు లేదు, మా జీపు ఉంది.

రెండింటికి ఫొటోలు తియ్యాలి, జీపు కదలడానికి వీల్లేదన్నాడు ప్రవీణ్. కుర్చీలకి తియ్యమని చెప్పి ఎక్కాను.

సోములుకి నలభై ఉంటాయి. అరుగు మీద కూర్చుని మమ్మల్ని చూసి కూడా లేవలేదు. పొయ్యి చల్లగా ఉంది, పసుపు మూట విప్పకుండానే మూలుగుతోంది. నేను సంచీలో పద్నాలుగో పేజీ వెతికాను. భయపడకుండా సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు అని అందులో ఉంది. అడగాల్సిన ప్రశ్నని నేను 'ఆత్మహననేచ్ఛ కలదా?' అని తెలుగు చేశాను. అది పైకి చదవకుండానే పుస్తకం మూశాను. చదివి ఉంటే ఆ మనిషి ఏమైపోయేవాడో.

లచ్చమ్మ వెళ్లి అతని పక్కన కూర్చుంది.

"సచ్చిపోవాలనిపిస్తందేటిరా?"

"అనిపిస్తంది పిన్నీ" అన్నాడు.

"మరి సంతకొచ్చి సెప్పాల గదరా. నీ జాగాలో ఎవుల్నీ కూకోనీలేదు. లెగు, బేగి. ఇయ్యాల నా ఇంట్లో తొంగుందువు."

అప్పుడు ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, చెప్పుకోడానికి సిగ్గేం లేదు. పసుపు మూట నేనే జీపులో వేశాను.

దారిలో ఆస్పత్రి దగ్గర ఆపించి నర్సమ్మతో మాట్లాడింది లచ్చమ్మ. పొద్దున్నే డాక్టరు చూస్తాడంది నర్సమ్మ. మళ్లీ జీపెక్కాక లచ్చమ్మ నావేపు తిరిగి, "నువ్వు రెండు సంతలు అవుపడకపోతే మీ ఊర్లో ఎవులొస్తారు బాబూ?" అంది. మాది పట్నం, సంత ఉండదన్నాను. ఆమె జాలిగా చూసింది.

మర్నాడు పొద్దున్న బయల్దేరుతుంటే ఆస్పత్రి వరండాలో ఇద్దరూ కనిపించారు. సోములు జావ తాగుతున్నాడు. లచ్చమ్మ గిన్నె ఖాళీ అయిందో లేదో వంగి చూస్తోంది.

సాయంత్రం అరకులో తిరుగు బండెక్కాం. సంత కారణంగా హాజరు శూన్యమని ప్రవీణ్ నివేదిక రాసుకున్నాడు. నేను పద్నాలుగో పేజీలో నా ఘనకార్యం కొట్టేసి లచ్చమ్మ మాట రాశాను. ఊరుకోక నా ఫారం నేనే నింపాను. ఫోన్లు ఇరవై రెండు, భోజనానికి పిలిచినవాళ్లు ఆరుగురు. ఒంటరితనం లేదని తేలింది. మా అపార్టుమెంటులో ఎదురింటాయన పేరు నాకు తెలియదు, ఆయనకి నాదీ తెలియదు. ఫారం చివర, రెండు వారాలు కనబడకపోతే మీ తలుపు ఎవరు కొడతారన్న ప్రశ్న కలిపి, జవాబుకి గీత గీశాను. విశాఖ దగ్గరపడి కొత్తవలస వచ్చినా ఆ గీత మీద ఏమీ రాయలేకపోయాను.