పోపు గదికి అడ్డొచ్చిన కాళ్లు

జర్మనీకి వచ్చాక నేను అద్దెకున్న ప్రతి ఇంట్లోనూ పోపు దగ్గరే గొడవ. ఒకచోట పై అంతస్తు ఆవిడ తలుపు మీద చీటీ అంటించి వెళ్లింది. ఇంకోచోట ఇంటాయన కాంట్రాక్టు తిరగేసి చూపించాడు. ఎండుమిర్చి వేయించిన రోజు పొగ అలారం మోగితే, కుర్చీ ఎక్కి తువ్వాలు ఊపుతూ, ఏం పాపం చేశానురా దేవుడా అనుకునేదాన్ని. అందుకే లైప్‌జిగ్ ఊరి చివర స్థలం కొన్నప్పుడు మా ఆయన్ని ఒక్కటే అడిగాను. వంటింటి వెనక, పక్కింటి సరిహద్దు వైపు, నాకో చిన్న పోపు గది కావాలి. సొంత పొయ్యి, సొంత కిటికీ. ఆర్కిటెక్టు ప్లానులో దాన్ని సామాన్ల గది అని రాశాడు. ఏమైనా రాసుకోనీ, గది నాది.

ఆ నేల ఎలాంటిదో మాకు తెలియక కాదు. రెండు వందల ఏళ్ల కిందట ఫ్రెంచి చక్రవర్తి ఒకవైపు, రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా, స్వీడన్ సైన్యాలు ఇంకోవైపు నిలబడి నాలుగు రోజులు కొట్టుకున్న చోటు. చక్రవర్తి ఓడి వెనక్కి మళ్లాడు. దాని గుర్తుగా కట్టిన కొండంత రాతి కట్టడానికి, చుట్టాలొస్తే తీసుకెళ్లి ఫొటోలు దిగేవాళ్లం. యుద్ధమంటే మాకు ఆ మెట్లు, ఆ పార్కింగు. పునాది తవ్వేముందు పురావస్తు శాఖ వాళ్లు మట్టి గీకి చూడాలన్న సంగతి మాత్రం, తీరా పని మొదలుపెట్టాక చెవిన పడింది.

వాళ్ల తరఫున బురద బూట్లతో ఒకావిడ వచ్చింది. జేసీబీ పైమట్టి తీస్తుంటే పక్కనే నడిచింది. మిగతా ఇల్లంతా వదిలేసి, సరిగ్గా నా పోపు గది మూలలో చెయ్యెత్తి బండి ఆపించింది. రెండు పాదాల ఎముకలు బయటపడ్డాయి.

ఆ రోజు నుంచి పని బంద్. ఆఫీసుకు ఫోను చేస్తే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకోమంటారు. టెర్మిన్ దొరికి వెళ్తే, చూడాల్సినాయన సెలవులో ఉన్నాడంటారు. వాన పడితే టార్పాలిన్ కప్పేసి వెళ్లిపోతారు. ఎవరైనా గుచ్చి గుచ్చి ఆరా తీస్తే శల్యపరీక్ష అంటాం కదా, ఇది నిజంగానే ఎముకలతో జరిగే అసలు సిసలు శల్యపరీక్ష. వీడెక్కడ దాపురించాడు నా ప్రాణానికి అని, ముక్కూ మొహం తెలియని ఆ సైనికుణ్ణి రోజూ తిట్టుకున్నాను. నా ఊహలో వాడు మీసాలు మెలేసిన ఆరడుగుల మనిషి.

ఇంట్లో మా ఆయనది ఇంకో పోరు. ఆయనకు డాక్టరేటు ఉంది, రోబోలకు నడక నేర్పే ఉద్యోగం ఉంది. ఎముకలనగానే అవన్నీ గాలికి కొట్టుకుపోయాయి.

“శల్యదోషం ఇది. ఎముకలున్న జాగల ఇల్లు కడితె అచ్చిరాదని మా నాయిన చెప్తుండె,” అన్నాడు.

“తీసేస్తున్నరు గద వాళ్లు.”

“మొత్తం తీసినంకనే పాలు పొంగిచ్చేది. ఒక్క ముక్క ఉన్నా నేను గడప తొక్క.”

“అయితె బయట టెంటేసుకో,” అన్నాను. హాస్యానికి కాదు, ఒళ్లు మండే అన్నాను.

చివరికి ఒకరోజు ఆవిడ మమ్మల్ని రమ్మంది. గోతిలో మోకాళ్ల దాకా రెండు కాళ్లు, తిన్నగా చాపుకుని ఉన్నాయి. ఆపైన మనిషంతా పక్కింటివాళ్ల పాత ఇటుకల షెడ్డు కింద ఉన్నాడు. షెడ్డు కూల్చడానికి పక్కాయన ఒప్పుకోలేదని, ఒప్పుకోవాల్సిన పని కూడా లేదని ఆవిడ తాపీగా చెప్పింది. కట్టడం వల్ల పాడయ్యే భాగమే వాళ్లు తీస్తారట. అంటే కాళ్లు డబ్బాలో పెట్టి గోదాముకు పంపుతారు, మిగతా మనిషి ఇక్కడే ఉంటాడు. ఈ మూల మేం కట్టుకోకపోతే మట్టి కప్పేస్తారు, ఉన్నవాడు ఉన్నట్టే ఉంటాడు.

“తీసేయండి,” అన్నాను. ఇందులో ఆలోచించడానికేముంది?

ఆవిడ మోకాలి దగ్గర బ్రష్షుతో తుడిచి, ఎముక చివర సన్నటి గీత చూపించింది. “ఈ చివర ఇంకా అతుక్కోలేదు, చూశారా? పదహారో పదిహేడో ఉంటాయి. ఇంకా పొడుగు పెరుగుతున్నాడు.”

“ఏ దేశమతను?” అని మా ఆయన అడిగాడు.

“చెప్పలేం. బూట్లు, బట్టలు, గుండీలతో సహా ఎవరో ఒలుచుకుపోయారు.”

మా ఆయన గోతి అంచున గొంతుక్కూర్చుని లోపలికి చూశాడు. తర్వాత నా వైపు తిరక్కుండానే అన్నాడు. “కాళ్లొక దిక్కు, మనిషొక దిక్కు ఎట్ల జేస్తం? ఉండనియ్యి.”

“మరి నీ దోషం?”

“నాది నేను చూసుకుంట.”

“నా గది?”

ఇన్ని నెలలు నన్ను కాల్చుకుతిన్న మనిషి, ఇప్పుడు పెద్దమనిషైపోయి బరువంతా నా నెత్తిన పెట్టాడు. కాదంటే నేను రాక్షసిని. ఏం చేయమంటారని ఆవిడ మళ్లీ అడిగింది. తీసేయమందామనే నోరు తెరిచాను. కాలివేళ్ల ఎముకలు చింతగింజలంత ఉన్నాయి, ఏ ఒక్కటీ చెదరకుండా దేని చోట అది ఉంది.

“కప్పేయండి,” అన్నాను. కారులో కూర్చుని ఏడ్చాను. ఆ పిల్లాడి కోసమో, గది కోసమో ఇప్పటికీ చెప్పలేను.

మళ్లీ ప్లాను, మళ్లీ అనుమతి, అద్దె ఇంట్లో మరో చలికాలం. గృహప్రవేశం నాడు మా ఆయన కుడికాలు ముందుపెట్టి మారుమాట లేకుండా లోపలికొచ్చాడు. పోపు గది ఉండాల్సిన చోట గడ్డి మొలిచింది. వంటింటి గోడ ఆ మూలన లోపలికి జరిగింది, ఫ్రిజ్ తలుపు తెరిస్తే ఓవెన్ తలుపు తెరుచుకోదు. పులిహోరకు పోపు పెడితే అలారం మోగుతుంది. తువ్వాలు ఊపి ఊపి చేతులు పడిపోయి, కిటికీ బార్లా తీస్తాను. ఎదురుగా ఆ గడ్డి కనిపిస్తుంది. చిరాకు ఇప్పటికీ వస్తుంది, దాచను. తిట్టడం కూడా మానలేదు. కాకపోతే ‘వీడు’ అన్న మాట ఇప్పుడు నోట రాదు.

“జర కాళ్లు ముడుచుకొని పండుకుంటె ఏం పోతుండె బిడ్డా,” అంటాను.