వెనక్కి నడిచే గైడు

పదిహేను వేసవులుగా ఆ గైడు నగరాన్ని వెనక్కి నడుస్తూనే చూపిస్తోంది. మొహం టూరిస్టుల వైపు, వీపు దారి వైపు, ఒక చేతిలో ఎత్తిపట్టిన పసుపు గొడుగు, రెండో చేతిలో మైకు. వీపుకి కళ్ళున్నట్టు గుంటలూ మెట్లూ తప్పించుకుంటుంది. గడియార స్తంభం వచ్చిందో లేదో తిరిగి చూడదు. ఎదుటివాళ్ళ కనుబొమలు లేస్తే వచ్చినట్టే. ఏటా స్వలింగ ప్రేమికుల ప్రైడ్ ఊరేగింపు రోజున మాత్రం టూరుని ఒక వీధి ఇవతలే ముగించి, "ఆ మలుపు తిరిగితే ఇంద్రధనుస్సు జెండాలే జెండాలు, చూసి రండి. నాకు వేరే పనుంది" అని జారుకునేది. పదకొండేళ్ళుగా తనతో కాపురం చేస్తున్న నర్సు ఆ ఊరేగింపులో నడుస్తుందని ఎవరికీ చెప్పలేదు. "ఒక్కసారి నా పక్కన నడవవే" అని నర్సు అడిగినప్పుడల్లా, "వచ్చే ఏడు చూద్దాంలే" అనేది.

ఈసారి ఊరేగింపే దారి మార్చుకుని ఆమె వెనకనుంచి వచ్చేసింది. బ్యాండు మోత మోగిపోతోంది. ఎదురుగా ఇరవై మొహాలు ఒక్కసారిగా విప్పారాయి. ఈ వీధిలో చూడదగ్గ కట్టడమేదీ లేదే!

"అమ్మాయ్, అక్కడెవరో అచ్చం నీ గొడుగులాంటిదే పట్టుకుని నీకే చెయ్యూపుతోంది" అంది టూరిస్టుల్లో ఒక పెద్దావిడ.

గైడు గిర్రున తిరిగింది. డ్యూటీ దిగి, ఆస్పత్రి బట్టల్లోనే వచ్చేసిన నర్సు! అలవాటు చొప్పున మైకు నోటి దగ్గరికి వెళ్ళింది.

"ఎదురుగా చూడండి... ఆవిడ మా ఇంటావిడ."

వీధంతా వినిపించింది.

"మరింకా నిలబడ్డావేం తల్లీ, వెళ్ళు!" అని పెద్దావిడ వీపు తట్టింది.

ఇరవై మందీ వెనక వస్తున్నారో లేదో చూసుకోవడం కూడా మరిచిపోయి, గైడు పదిహేనేళ్ళలో మొదటిసారి ముందుకి పరుగెత్తింది.